గుద్దుకున్న పాత కారు: బాగు చేయించాలా, బీమా డబ్బు తీసుకోవాలా, తుక్కుకు ఇవ్వాలా?

పోయిన కార్తీకంలో పామిడి దాటాక హైవే మీద మా మారుతి 800 పోయింది. గుత్తి నుంచి అనంతపురం వస్తున్నాం. డివైడర్ సందులోంచి శెనక్కట్టె వేసుకున్న ట్రాక్టర్ అడ్డం తిరిగింది. నేను బ్రేకు తొక్కాను, బండి ఆగింది కూడా. వెనక వస్తున్న లారీ ఆగలేదు. అది గుద్దిన ఊపుకు మా బండి ముందుకు పోయి ట్రాలీ కింద మూతి పెట్టింది. నాకు మోచేయి గీరుకుపోయింది. పక్క సీట్లో ఉన్న మా నాయనకు సీటు బెల్టు ఒరుసుకుని ఛాతీ మీద అడ్డంగా నల్లటి చార పడింది, పది రోజులు ఉండింది. అంతకు మించి ఎవరికీ ఏమీ కాలేదు.

ప్రాణాలు దక్కినాయి, బండిదేముందిలే అని పలకరించడానికి వచ్చిన వాళ్లంతా అన్నారు. నేనూ తలూపాను. కానీ 2003లో నాయన పీఎఫ్ లోను పెట్టి కొన్న బండి అది. కసాపురం ఆంజనేయస్వామి గుడి ముందు నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి ఇంటికి తెచ్చుకున్నాం. ఏపీ 02 నంబరు. అమ్మను కర్నూలు పెద్దాసుపత్రికి తిప్పింది అందులోనే, మా పాపను పుట్టిన ఐదో రోజు ఇంటికి తెచ్చుకుంది అందులోనే.

క్రేన్‌తో లాక్కొచ్చి ఊరి బయట షెడ్డులో దించిన మరుసటి రోజు ముగ్గురు మూడు మాటలు చెప్పారు. ఇరవై ఏళ్లుగా ఆ బండిని చూస్తున్న మెకానిక్ అన్న "చేపిద్దాం సార్, లేపి నిలబెడతా" అన్నాడు. బీమా సర్వేయర్ రెండు చుట్లు తిరిగి ఫొటోలు తీసుకుని "ఇది టోటల్ లాస్ కేసండీ" అన్నాడు. తుక్కు కొనే గుజిరీ అతను బండి వైపు సరిగ్గా చూడకుండానే "ఆర్‌సీ ఉండాదా?" అని అడిగాడు. ఈ మూడు మాటల వెనక ఏముందో తెలుసుకోవడానికి నాకు నెలన్నర పట్టింది. మన అనంతపురం, కడప, కర్నూలు ఊళ్లలో ఏపీ 02, ఏపీ 04, ఏపీ 21 నంబర్ల పాత బండ్లు ఇంకా బోలెడు తిరుగుతున్నాయి. వాటిలో ఒకటి మీదైతే ఇది చదివి పెట్టుకోండి.

ఏ దారి పట్టినా ముందు చేయాల్సినవి

బండిని కదిలించకముందే నాలుగు వైపులా ఫొటోలు తీయాలి, గుద్దిన బండి నంబరు కనబడేలా ఒకటి. బీమా కంపెనీకి ఆ రోజే ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోవాలి. ఎవరికైనా దెబ్బలు తగిలితే స్టేషన్‌కు పోవాల్సిందే. కేసు కట్టాక బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసి రిపోర్టు ఇచ్చేదాకా బండి మీద స్పానర్ పెట్టకూడదు. (కాగితాల్లో ఆయన మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్. మన నోట్లో మాత్రం బ్రేక్ ఇన్‌స్పెక్టరే.) స్టెప్నీ, జాకీ, బ్యాటరీ, స్టీరియో ఉన్నాయని బండిని దించుకునే వాళ్లతో ఒక కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. మా స్టెప్నీ మూడో రోజుకే మాయమైంది. అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు.

షెడ్డు అద్దె రోజు లెక్కన పడుతుంది. చాలామంది తొందరపడి ఏదో ఒకదానికి ఒప్పుకునేది ఈ అద్దెకు భయపడే. వీలుంటే తెలిసిన వాళ్ల ఖాళీ స్థలంలో దించుకుని సర్వేయర్‌ను అక్కడికే పిలవండి.

తలుపు సందులో వేలు పెట్టి చూడండి

డబ్బు లెక్క కంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఆ బండి మళ్లీ మనుషులను మోయడానికి పనికొస్తుందా? జీపు, బొలెరో లాంటి వాటికి కింద నిచ్చెనలాంటి ఛాసిస్ వేరుగా ఉంటుంది, పైన బాడీ కూర్చుంటుంది. మారుతి 800, జెన్, శాంత్రో, ఇండికా లాంటి వాటికి అట్లా వేరుగా ఏమీ లేదు. బాడీయే ఛాసిస్. అది ఒక చోట వంగితే బండి మొత్తం వంగినట్టే.

ఇది నాకు మాటల్లో కాదు, చేత్తో అర్థమైంది. చేపిద్దాం అన్న మెకానిక్ అన్నే మూడో రోజు నన్ను పిలిచి ఎడమ ముందు తలుపు మూయించాడు. "సందులో వేలు పెట్టి పైనుంచి కిందికి రా సార్" అన్నాడు. పైన అద్దం దగ్గర నా చిటికెన వేలు సులువుగా దూరింది. గొళ్లెం దగ్గరికి వచ్చేసరికి గోరు కూడా పట్టలేదు. తర్వాత బానెట్ ఎత్తి టేపు తీశాడు. ఎడమ వెనక బోల్టు నుంచి కుడి ముందు బోల్టు దాకా ఒక కొలత, కుడి వెనక నుంచి ఎడమ ముందుకు ఇంకో కొలత. రెండూ సమానంగా రావాలి. మాకు అంగుళంన్నర తేడా వచ్చింది. చివరికి డ్రైవర్ కాళ్ల కింది మ్యాటు లేపాడు. నేల రేకు చీర కుచ్చిళ్లలాగా ముడత పడి ఉంది. వెనక అద్దం పగిలి సీటంతా పడింది. లోపల వెనక్కి చూసుకునే చిన్న అద్దం మాత్రం చెక్కుచెదరకుండా, నాయన పెట్టుకున్న వంపులోనే ఉంది.

"టింకరింగ్ చేసి లప్పం పెట్టి రంగేస్తే ఎవురికీ తెలీదు సార్. నువ్వొక్కడివే బజారుకు తిప్పుకుంటానంటే చేసిస్తా. పాపను ఎక్కించుకోని హైవే ఎక్కుతానంటే నేను చెయ్యను" అన్నాడు.

నా దృష్టిలో నిర్ణయం అక్కడే అయిపోయింది. ముడత పడిన ఇనుమును గొలుసు కట్టి లాగి సాపు చేయొచ్చు, కానీ ఇంకో దెబ్బ తగిలితే అది మొదట మడతపడేది ఆ చోటే. పెద్ద వర్క్‌షాపుల్లో కొలతలు పెట్టి లాగే బెంచీలు ఉంటాయి. అక్కడ అయ్యే ఖర్చు పాత 800కు పెట్టేవాళ్లు తక్కువ. కాబట్టి పిల్లర్లు, నేల రేకు, ముందు ఇంజన్‌ను పట్టుకునే ఛాసిస్ కాళ్లు వంగితే ఆ బండి మీద ప్రేమ ఎంతున్నా రోడ్డు ఎక్కించొద్దు.

దెబ్బ బానెట్, ఫెండర్లు, బంపర్, రేడియేటర్, తలుపు రేకులు, అద్దాలతో ఆగిపోయిందా? అప్పుడు నేను పూర్తిగా రెండో వైపు ఉంటాను. "ఈ డొక్కుకు నలబై వేలా" అని బావమరుదులు నవ్వుతారు, నవ్వనివ్వండి. నలబై వేలకు ఇంతకంటే తెలిసిన బండి మీకు ఎక్కడా దొరకదు. ఏ గేరు ఎప్పుడు మొరాయిస్తుందో, వేసవిలో ఏసీ వేస్తే ఏ గడ్డ దగ్గర వేడెక్కుతుందో మీకు తెలుసు. కాకపోతే ఆర్‌సీ గడువు చూసుకోండి. సొంత కార్లకు మొదట 15 ఏళ్లు, తర్వాత ఐదేసి ఏళ్లకు రెన్యువల్. ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు, జీఎస్టీ, గ్రీన్ ట్యాక్స్ వేరు. ఆరు నెలల్లో రెన్యువల్ ఉన్న బండికి రిపేరు ఖర్చుతో పాటు ఈ సొమ్ము కూడా కలిపి చూడాలి.

బీమా లెక్క ఎట్లా నడుస్తుంది

సర్వేయర్ నోట్లో మాట టోటల్ లాస్. మామూలుగా దానికి కొలబద్ద ఒకటే: రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండి పోయినట్టు లెక్క. ఐడీవీ అంటే పాలసీలో రాసిన బండి విలువ. ఐదేళ్ల లోపు బండికి దాన్ని తగ్గించే పట్టిక ఉంది, ఐదో ఏట సగానికి వస్తుంది. ఐదేళ్లు దాటాక మాత్రం పట్టిక లేదు, మీరూ కంపెనీ ఒప్పుకున్నంత. ఇక్కడే మనవాళ్లు బోల్తా పడతారు. ప్రీమియంలో మూడు నాలుగు వందలు తగ్గుతాయని మా నాయన ఏటా ఐడీవీ తగ్గించమని ఏజెంటును బతిమాలేవాడు. బండి పోయిన రోజు ఆ తగ్గింపులన్నీ మా మీదికే వచ్చాయి.

ఒక లెక్క చూద్దాం, అంకెలు ఉదాహరణకే. ఐడీవీ 60,000 అనుకోండి. దానిలో 75 శాతం 45,000. షోరూమ్ వర్క్‌షాపు ఎస్టిమేటు 1,10,000 ఇచ్చింది. అంటే టోటల్ లాస్. కంపెనీ ఇచ్చేది 60,000 లోంచి తప్పనిసరి కోత 1,000 తీసేసి 59,000. (1500 సీసీ దాటిన ఇంజనైతే కోత 2,000.) బండి వాళ్లు తీసుకుపోతారు.

దెబ్బ చిన్నదై రిపేరు కింద క్లెయిమ్ చేస్తే కోతలు వేరే రకంగా ఉంటాయి. పదేళ్లు దాటిన బండికి ఇనుప భాగాల ధరలో సగం మనదే. ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీ, టైర్లకు బండి వయసుతో పనిలేదు, ఎప్పుడూ సగమే ఇస్తారు. అద్దాలకు కోత లేదు. కూలీ మొత్తం ఇస్తారు. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతు సరుకు ఖర్చని లెక్కవేసి అందులో సగం కోస్తారు. 40,000 బిల్లు అనుకుందాం: ఇనుప సామాను 14,000, ప్లాస్టిక్ 8,000, కూలీ 10,000, పెయింటింగ్ 8,000. మీకు వచ్చేది 7,000, 4,000, 10,000, 7,000. కలిపితే 28,000, అందులో 1,000 పోను 27,000. జేబులోంచి 13,000. కోతలు లేని జీరో డిప్ పాలసీ పాత బండ్లకు దాదాపు దొరకదు కాబట్టి దాని ఊసు వదిలేయండి.

ఇంకొక లెక్క ఉంది, దాన్ని ఏజెంట్లు కూడా చెప్పరు. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ సున్నా అవుతుంది. ఆ బోనస్ బండిది కాదు, యజమానిది. ఏళ్లుగా క్లెయిమ్ లేకుండా 50 శాతానికి చేరిన మనిషి, పాత బండిని అమ్మేసో తుక్కుకు ఇచ్చేసో కంపెనీ నుంచి లెటరు తీసుకుంటే మూడేళ్ల లోపు కొనే కొత్త బండికి ఆ 50 శాతం వాడుకోవచ్చు. క్లెయిమ్ చేసి సున్నా నుంచి మొదలుపెట్టిన మనిషికి ఏడాదికొకసారి 0, 20, 25, 35, 45 శాతం. రెండింటికీ తేడా ఐదేళ్లలో 50, 30, 25, 15, 5. కలిపితే 125 శాతం, అంటే సుమారు ఒక ఏడాది ఓన్ డ్యామేజ్ (మన బండి నష్టానికి కట్టే భాగం) ప్రీమియం, దాని మీద పావు వంతు. కొత్త బండికి ఆ ప్రీమియం 12,000 అయితే తేడా 15,000 లోపు ఉంటుంది, ఎందుకంటే బండి విలువతో పాటు ప్రీమియం కూడా ఏటా తగ్గుతుంది. కాబట్టి చేతికొచ్చే క్లెయిమ్ పది పన్నెండు వేలే అయితే, త్వరలో కొత్త బండి కొనే ఆలోచనా ఉంటే, క్లెయిమ్ చేయకపోవడమే నయం. మాకు రాబోయేది అంతకు చాలా ఎక్కువ, కాబట్టి చేశాం.

కంపెనీ మరీ తక్కువ కడితే ముందు వాళ్ల దగ్గరే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అక్కడ తేలకపోతే మన రాష్ట్రానికి ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు హైదరాబాదులో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

డబ్బూ తీసుకుని బండీ ఉంచుకోవడం

ఇదొక మధ్య దారి. శిథిలానికి కంపెనీ కొటేషన్లు పిలుస్తుంది. పైన చెప్పిన బండికే 18,000 పలికిందనుకోండి, మీరు బండి ఉంచుకుంటానంటే 59,000 లోంచి 18,000 తీసేసి 41,000 ఇస్తారు. బయట తెలిసిన మెకానిక్ దగ్గర 65,000లో బాగవుతుందంటే మీ మీద పడేది 24,000.

కాగితం మీద ఇది అన్నిటికంటే తీపిగా కనబడుతుంది. షోరూమ్ ఎస్టిమేటుకూ బయటి రేటుకూ తేడా ఎక్కువగా ఉండి, దెబ్బ పైపైన రేకులదే అయితే తీసుకోండి. బాడీ వంగిన బండికి ఇది ఉచ్చు. డబ్బు చేతిలో ఉంటుంది, బండి కళ్ల ముందు ఉంటుంది, మెకానిక్ దొరుకుతాడు, చేయించేస్తారు. ఇంకో సంగతి, టోటల్ లాస్ తీసుకున్న బండికి మళ్లీ ఫుల్ పాలసీ ఇవ్వడానికి కంపెనీలు ఇన్‌స్పెక్షన్ అడుగుతాయి, కొర్రీలు పెడతాయి. రిపేరు మొదలుపెట్టకముందే ఆ మాట అడిగి తెలుసుకోండి.

థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే

అంటే అవతలివాళ్ల నష్టానికి మాత్రమే చెల్లే పాలసీ. పదేళ్లు దాటిన బండ్లలో చాలావాటికి ఇదే ఉంటుంది. తప్పు మీదైతే మీ బండికి పైసా రాదు. అప్పుడు మీ ముందున్నది రెండే: సొంత డబ్బుతో రిపేరు, లేదా తుక్కు. తప్పు అవతలి బండిదైతే దాని బీమా మీద మీ బండి నష్టానికి మోటారు యాక్సిడెంట్స్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో కేసు వేయొచ్చు. ఆస్తి నష్టానికి కారు, లారీ పాలసీల్లో 7.5 లక్షల దాకా పరిమితి ఉంటుంది, మన పాత బండికి అది ఎక్కువే. ప్రమాదం జరిగిన ఊరిలోనే వేయాలని లేదు, మీరు ఉండే చోటి ట్రిబ్యునల్‌లోనే వేయొచ్చు. కానీ మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయమంటోంది, సంక్రాంతి పోనీ, ఉగాది పోనీ అనుకుంటూ కూర్చోవద్దు. ఎఫ్‌ఐఆర్, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, రిపేరు బిల్లులు, ఫొటోలు లేకుండా అక్కడ ఏమీ నిలబడదు.

నిజం చెప్పాలంటే ముప్పై వేల నష్టానికి వాయిదాలు తిరగడం అందరి వల్లా కాదు. దారి మధ్యలో "ఇదిగో ఇరవై వేలు, కేసు వద్దన్నా" అని లారీ యజమాని రాజీకి వస్తే, ఎవరికీ దెబ్బలు తగలకపోతే, దాన్ని తప్పు పట్టను. మనుషులకు దెబ్బలు తగిలితే మాత్రం రోడ్డు మీది రాజీకి ఒప్పుకోకండి. లోపలి దెబ్బలు వారం తర్వాత కూడా బయటపడతాయి.

గుజిరీ అతను ఆర్‌సీ ఎందుకు అడిగాడు

మారుతి 800 బరువు సుమారు 650 కిలోలు. తూకం లెక్కన దాని విలువ ఎంతో గుజిరీ అతనికి కంటి చూపుతోనే తెలుసు. దాని మీద ఇంకో మూడు నాలుగు వేలు ఎక్కువ ఇస్తాను, ఆర్‌సీతో పాటు ఇవ్వు అన్నాడు. ఆ మూడు నాలుగు వేలకు ఆశపడకండి. దెబ్బతిన్న బండి ఆర్‌సీ, ఛాసిస్ నంబరు ఉంటే అదే మోడల్, అదే రంగు దొంగ బండికి ఆ నంబరు కొట్టి తిప్పొచ్చు. ఆ బండి ఎక్కడో ఎవరినో గుద్దితే నోటీసు వచ్చేది మీ ఇంటికి. బండి అమ్మేసినా పేరు మారకపోతే రికార్డులో ఉన్న యజమానిదే బాధ్యత అని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది.

చట్టం ప్రకారం బండి ఇక నడవదని తేలితే 14 రోజుల్లో ఆర్‌టీఓ ఆఫీసుకు తెలిపి ఆర్‌సీ అప్పగించి రిజిస్ట్రేషన్ రద్దు చేయించాలి. బీమా కంపెనీ శిథిలాన్ని ఎవరికో అమ్మినా, రద్దయిందో పేరు మారిందో మీ కళ్లతో చూసేదాకా వదలొద్దు. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే తెలిసిపోతుంది. ఫాస్టాగ్ ఉంటే అది కూడా మూసేయించండి.

ఇక రెండో తుక్కు దారి, ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రం. 2021 రూల్స్ తర్వాత ఇవి వచ్చాయి. బండి అప్పగిస్తే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ ఇస్తారు. దాన్ని చూపిస్తే కొత్త బండికి రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు, సొంత బండ్లకు రోడ్డు ట్యాక్సులో 25 శాతం దాకా రాయితీ ఇవ్వొచ్చని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. మీరు కొనే నాటికి మన దగ్గర ఎంత ఇస్తున్నారో ఆర్‌టీఓ ఆఫీసులో అడగండి. ఎనిమిది లక్షల బండి కొనేవాళ్లకు ఆ రాయితీ గుజిరీ అతను ఇచ్చే సొమ్ము కంటే ఎక్కువే తేలొచ్చు. కొత్త బండి కొనే ఉద్దేశం లేనివాళ్లకు ఆ సర్టిఫికెట్ వల్ల దక్కేది తక్కువ. అయినా రిజిస్ట్రేషన్ రద్దు సక్రమంగా జరుగుతుంది కాబట్టి నేను వాళ్లనూ అటే పొమ్మంటాను. బీమా కంపెనీకి బండి అప్పగిస్తే ఈ సర్టిఫికెట్ మీకు రాదు, అది గుర్తుంచుకోండి.

మన వైపు తరచూ కనబడే చిక్కు ఒకటి చెప్పాలి. బండి నాయన పేరు మీదో జేజినాయన పేరు మీదో ఉంటుంది, ఆయన పోయి ఐదారేళ్లయి ఉంటుంది, కొడుకు నడుపుతుంటాడు. పేరు మార్చుకోకపోతే అటు క్లెయిమూ చిక్కే, ఇటు తుక్కుకు ఇవ్వడమూ చిక్కే. యజమాని చనిపోతే 30 రోజుల్లో తెలియజేసి మూడు నెలల్లోపు వారసుల పేరు మీదికి ఫారం 31తో మార్పించుకోవాలి, బీమా పాలసీ కూడా మామూలుగా ఆ మూడు నెలల దాకానే. ఇంట్లో అట్లాంటి బండి ఉంటే ప్రమాదం కోసం ఎదురుచూడకుండా ఈ వారమే ఆ పని చూడండి.

ఇంటి ముందు వేపచెట్టు కింద పెట్టుకోవడం

దీన్ని దారి అనను. మొదటి నెల గుడ్డ కప్పుతారు. రెండో నెల కోళ్లు గుడ్లు పెడతాయి. ఏడాదికి పిల్లలు సీట్ల స్పాంజి పీకుతారు, పాములు చేరతాయి, చివరికి అదే గుజిరీ అతనికి సగం ధరకు పోతుంది. బండి గుర్తు కావాలంటే ఒక భాగం తీసుకోండి. కాకపోతే సర్వే అయ్యాక చెప్పకుండా ఏదీ విప్పకూడదు, శిథిలం విలువలో అది కూడా ఉంటుంది. ముందే అడిగి, ఒప్పుకున్నట్టు మెసేజైనా పెట్టించుకోండి.

తర్వాతి బండి: అదే మోడలా, వేరేదా

నాయన మొదట అడిగింది ఇంకో మారుతి 800. తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది. అంటే దొరికే వాటిలో అన్నిటికంటే చిన్నది కూడా పన్నెండేళ్ల బండి, అదీ ఎవరెవరి చేతుల్లో నలిగిందో తెలియదు. అన్నిటికీ మించి అందులో ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ (బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) లేదు. నాయన ఛాతీ మీది ఆ చార చూసిన తర్వాత నా మనసు ఒప్పలేదు. ముందు రెండు సీట్లకూ ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేసింది 2021 ఏప్రిల్‌లో కొత్త మోడళ్లకు, ఆ ఏడాది చివరికి అన్నిటికీ. కాబట్టి సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు నా సలహా ఒకటే గీత: 2022, ఆ తర్వాతివి చూడండి. బడ్జెట్ అంతకు చాలకపోతే కనీసం 2019 తర్వాతివి, వాటికి ఏబీఎస్ ఉంటుంది, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది.

కొత్తదా, సెకండ్ హ్యాండా అంటే, 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, సెస్సు పోయింది. దాంతో రెండు మూడేళ్ల పాత బండికీ కొత్తదానికీ తేడా దగ్గరపడింది. అమ్మేవాళ్లు ఇంకా జీఎస్టీ తగ్గకముందు నాటి కొత్త బండి ధర చెప్పి దాని మీద తగ్గింపు చూపిస్తుంటారు. ముందు షోరూమ్‌కు పోయి ఈ రోజు ఆన్ రోడ్ ధర రాయించుకుని, తర్వాతే సెకండ్ హ్యాండ్ బండి దగ్గర బేరం మొదలుపెట్టండి. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో లక్షల కార్లు తయారవుతుంటే పక్క ఊళ్లో కూర్చుని మేము ఇరవై ఏళ్ల నాటి బండికి పార్టులు వెతుక్కున్నాం, అదొక తమాషా.

అనంతపురం వాళ్లకు బెంగళూరు దగ్గర. అక్కడి కేఏ నంబరు బండి యాభై వేలు తక్కువకు వస్తోందని ఊరిస్తారు. కర్నూలు వాళ్లను హైదరాబాదు, కడప వాళ్లను చెన్నై ఇట్లాగే ఊరిస్తాయి. ఆ యాభై వేలలోంచి అక్కడి ఆర్‌టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం), ఇక్కడ మళ్లీ కట్టే లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు ఖర్చు తీసేయండి. మిగిలేది ఏమైనా ఉందా? అక్కడ కట్టిన ట్యాక్సు వాపసుకు తిరగడం ఇంకో పని. చాలాసార్లు మన జిల్లా బండే చవక. డిల్లీ బండ్లు మరీ చవకగా వస్తాయి, ఎందుకో అందరికీ తెలుసు, అక్కడ పాత డీజిల్, పెట్రోల్ బండ్ల మీద కట్టడి ఉంది.

2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు నేర్చుకున్న పరీక్ష ఒకటి ఇప్పటికీ పనికొస్తుంది. సీటు బెల్టును చివరి దాకా లాగండి. నీళ్లు తాగిన బండిని ఎంత కడిగినా ఆ చుట్టలో లోపలికి పోయిన పట్టీ మీద బురద చార మిగిలిపోతుంది. గుద్దుకున్న బండిని పట్టుకోవడానికి పైన చెప్పిన వేలి పరీక్షే చాలు, నాలుగు తలుపులకూ చేయండి. మనకు అక్కర్లేదని వదిలేసిన బండి ఎవరో లప్పం పెట్టి అమ్ముతున్న బండిగా ఇంకొకరికి ఎదురొస్తుంది కదా.

మేము 59 వేల లాంటి సొమ్మే తీసుకున్నాం, బండి ఇచ్చేశాం. రిజిస్ట్రేషన్ రద్దు కాగితం చేతికి రావడానికి రెండు నెలలు పట్టింది, నాలుగుసార్లు తిరిగాను. మూడేళ్ల నాటి బండి ఒకటి మన అనంతపురంలోనే దొరికింది. నాయన అందులో కూర్చుంటాడు, ఏసీ చల్లగా ఉందంటాడు, అంతకు మించి మాట్లాడడు.

శిథిలం తీసుకుపోయే రోజు నాయన కూడా వచ్చాడు. నేను స్టీరింగ్ అడుగుతాడేమో అనుకున్నాను. లోపలి అద్దం ఇప్పించమన్నాడు. కొన్నతను నవ్వి, "తీసుకో పెద్దాయనా" అని రెండు మరలు విప్పి ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. ఇప్పుడది మా పెరట్లో కుళాయి పక్కన మేకుకు వేలాడుతుంది. పొద్దున గడ్డం గీసుకునే ముందు నాయన దాన్ని బొటనవేలితో కొంచెం కిందికి వంచుతాడు, బండి ఎక్కగానే వంచినట్టు.